తీర్థంలో వన్స్‌మోర్

నాకు సంగీతం రాదు. ఈ మాట ముందే చెప్పేసుకుంటే నాకూ, చదివే మీకూ కూడా సుఖం. ఏ రాగం ఏ మేళకర్తలో పుట్టిందో, ఎవరి శ్రుతి ఎక్కడ జారిందో నన్నడగవద్దు. అరవై ఏళ్ళుగా నేను చేసిన పనల్లా ఒక్కటే. గోనెపట్టా మీదో, చాప మీదో, అదృష్టం బాగుంటే కుర్చీలోనో కూర్చుని వినడం, ఒళ్ళు ఝల్లుమన్నప్పుడు "వన్స్‌మోర్!" అని అరవడం. పాడినవాళ్ళను గురించి రాసినవారు చాలామంది వున్నారు. అరిచినవాడు తన సంగతి రాసుకున్నది నా కంటబడలేదు. అందుకని ఈ సాహసం.

మాది అచ్యుతాపురానికి కూతవేటు దూరంలో వున్న పల్లె. ఇప్పుడు అచ్యుతాపురం అంటే ఎవరికైనా గుర్తొచ్చేది ప్రత్యేక ఆర్థిక మండలి, మందుల కంపెనీలు, వేలమంది ఆడపిల్లలు బట్టలు కుట్టే బ్రాండిక్స్, కూడలి దగ్గర బారులు తీరిన లారీలు. 2022 ఏప్రిల్‌లో మమ్మల్ని విశాఖ జిల్లా నుంచి విడదీసి అనకాపల్లి జిల్లాలో కలిపారు. నా చిన్నతనంలో అచ్యుతాపురం వట్టి కూడలి. ఒక దారిన పోతే అనకాపల్లి బెల్లం బజారు, ఒక దారిన ఎలమంచిలి, ఇంకో దారిన పూడిమడక సముద్రం. శీతాకాలంలో కొండకర్ల ఆవ మీద ఎక్కడెక్కడి పిట్టలో వచ్చి వాలేవి. అవి వాలిన రోజుల్లోనే, సంక్రాంతి వెళ్ళాక, మా వూళ్ళో గౌరీపరమేశ్వరుల తీర్థం.

తీర్థమంటే కాశీ, రామేశ్వరం అనుకునేరు! మా వైపు జాతరను తీర్థమంటాం. ఆ రోజు ఖర్జూరప్పళ్ళు, జీళ్ళు, రంగులరాట్నం, నేలవేషాలు. రాత్రికి పాట. ఏ పాటో ఆ యేటి కమిటీ వారి చేతి చలవను బట్టి వుండేది.

మొదటి రాత్రి

1967 జనవరి. నాకు తొమ్మిదేళ్ళు. అంతకు రెండు నెలల క్రితమే, నవంబరు ఒకటిన, విశాఖలో ఉక్కు ఫ్యాక్టరీ కావాలన్న జనం మీద కాల్పులు జరిగాయి. పెద్దవాళ్ళు అరుగుల మీద కూర్చుని అదే మాట్లాడుకునేవారు. మా పిల్లలకు మాత్రం ఒకటే దిగులు – ఈ యేడు తీర్థంలో బుర్రకథ వుంటుందా, వుండదా?

వుంది. మధ్యాహ్నమే వెళ్ళి వేదిక ముందు గోనెపట్టాలు పరిచి, నాలుగు మూలలా నాలుగు రాళ్ళు పెట్టి వచ్చాం. సాయంత్రం వెళ్ళేసరికి మా రాళ్ళు రెండు వరుసల వెనక్కి నడిచి వున్నాయి. అది వేరే కథ.

రాత్రి పది దాటాక పెట్రోమాక్సు దీపాల వెలుగులో ముగ్గురు దిగారు. నడుమ కథకుడు, భుజాన తంబురా, కుడిచేతి వేళ్ళకు అందెలు. అటూ ఇటూ గుమ్మెటలతో వంతవాళ్ళు. ఒకతను హాస్యం, ఒకతను రాజకీయం. బుర్రకథ బలమంతా ఈ మూడో మనిషిలో వుంటుందని నాకు చాలా ఏళ్ళ తరవాత గాని తెలియలేదు. కథ అల్లూరి సీతారామరాజుది కావచ్చు, పల్నాటి యుద్ధానిది కావచ్చు. మధ్యలో ఆపి "అన్నట్టు, మన వూళ్ళో సంగతేమిటి?" అనే హక్కు ఆ రాజకీయం మనిషిది. ఆ రాత్రి అతను ఉక్కు మాట ఎత్తాడు. అంతవరకు నిద్రకు తూగుతున్న ముసలివాళ్ళు లేచి కూర్చున్నారు.

షేక్ నాజర్ పేరు నేను మొదట విన్నది అప్పుడే. మా వూరికి వచ్చింది నాజర్ కాదు. ఆయన్ను చూసి నేర్చినవాళ్ళను చూసి నేర్చినవాళ్ళు. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పుట్టిన నాజర్ ప్రజానాట్యమండలి వేదికల మీద బుర్రకథకు కొత్త ఊపు తెచ్చాడు. 1954లో వచ్చిన "అగ్గిరాముడు" సినిమాలో ఆయన కథ చెప్పాడు. 1986లో పద్మశ్రీ యిచ్చారు. ఆ సినిమా మా వూళ్ళో సగం మంది చూసివున్నారు. దాంతో పాపం ప్రతి బుర్రకథ దళానికీ అదొక పరీక్ష అయిపోయింది. "నాజరంత లేదు" అనడం మా వూరి పెద్దలకు చుట్ట వెలిగించుకున్నంత సులువు.

కథ మధ్యలో చదివింపులు. ఒకాయన రూపాయి యిస్తాడు. కథకుడు కథ ఆపి, ఆయన పేరు, తండ్రి పేరు, వూరు చెప్పి, ఆయన పాడిపంటలు చల్లగా వుండాలని రాగం తీస్తాడు. ఆ రాగం మళ్ళీ కథలోకి ఎలా కలిసేదో, అదే నాకు ఇప్పటికీ ఆశ్చర్యం. మా నాయనమ్మ కొంగున ముడి విప్పి నా చేత పావలా యిప్పించింది. అంతమందిలో నా పేరు గట్టిగా వినిపించేసరికి నాకు చెవులు వేడెక్కాయి. వెంటనే ఎవరో వెనకనుంచి "వన్స్‌మోర్!" అన్నారు. నా పేరుకు కాదు లెండి, అంతకు ముందరి పాటకు. కాని ఆ క్షణాన రెండూ కలిసిపోయాయి. ఆ రాత్రి నుంచి నేను పాట పిచ్చివాణ్ణి.

జముకు తాత

బుర్రకథ ఒక యేడు వుండేది, ఒక యేడు వుండేది కాదు. ఏటా తప్పనిది జముకుల కథ. మా ఉత్తరాంధ్రకు బయట పెరిగినవాళ్ళకు జముకు తెలియకపోవచ్చు. చిన్న కుంచంలాంటి గొట్టం, ఒక వైపు తోలు మూత. తోలు నడుమ నుంచి నరపు తీగ ఒకటి బయలుదేరి రెండో చివర చిన్న పుల్లకు కట్టి వుంటుంది. గొట్టాన్ని చంకన యిరికించుకుని, ఒక చేత్తో పుల్లను లాగి పట్టి, రెండో చేత్తో తీగను మీటుతారు. లాగితే స్వరం పైకి పోతుంది, వదిలితే దిగుతుంది. అంతే, ఇంకేమీ లేదు. ఆ ఒక్క తీగ మీదే నవ్వు, ఏడుపు, అమ్మవారి ఆగ్రహం, అత్తాకోడళ్ళ తగవు, అన్నీ పలుకుతాయి. తెలంగాణంలో ఎల్లమ్మ కథలు చెప్పేవారి జమిడికకు ఇది చుట్టం.

మా వూరికి వచ్చే జముకుల కథ పెద్దను మేం జముకు తాత అనేవాళ్ళం. అప్పటికి ఆయనకు ముప్ఫై ఏళ్ళు కూడా వుండి వుండవు. కథలో ముసలి వేషం కట్టేవాడు గనుక తాత అయ్యాడు. నాలుగైదు కోసుల దూరం నుంచి నడిచి వచ్చేవాడు. భోగి మర్నాడో, ఆ మర్నాడో మా వీధిలోకి వచ్చి, పెద్దమనుషులు తాంబూలంలో పెట్టిన పదకొండు రూపాయలు బయానా పుచ్చుకుని, తువ్వాలులో ముడి వేసుకుని వెళ్ళేవాడు. బయానా పడిందంటే ఆ యేటి తీర్థం ఖాయమైనట్టే. కాగితాలు, సంతకాలు ఏవీ లేవు.

ఒకసారి మా అరుగు మీద మజ్జిగ తాగుతూ వుంటే, "తాతా, నేనొకసారి మీటనా?" అని అడిగాను. చేతికిచ్చాడు. నేను మీటితే కప్ప అరిచినట్టు అరిచింది. ఆయన నవ్వలేదు. "నీకు చెయ్యి నేదు గాని చెవి వుంది బాబూ. చెవున్నోడు వూరికొకడుండాల. నేపోతే మేం ఎవులికి చెప్పాల?" అన్నాడు.

వినడానికి ఒక పద్ధతి వుందని చెప్పినవాడు ఆయనే. కథ నడుస్తూ వుంటే వినేవాడు నిద్రపోవచ్చు. అది చెప్పేవాడి తప్పు. మధ్యలో లేచి వెళ్ళిపోతే మాత్రం అది వినేవాడి తప్పు. ఆ లెక్క నాకు నచ్చింది. తరవాత ఎన్నో కచేరీల్లో నిద్రపోయాను గాని, ఎక్కడా మధ్యలో లేచి రాలేదు.

శవం లేచి కూర్చున్న రాత్రి

హైస్కూలు చదువుకు అనకాపల్లి వెళ్ళాక పద్యనాటకాల పిచ్చి పట్టుకుంది. వన్స్‌మోర్ అన్నది ఇంగ్లీషు మాటే అయినా, మన నాటకాల్లో ఏనాడో వూరి మాటయి కూర్చుంది. బలిజేపల్లి లక్ష్మీకాంతం గారి "సత్యహరిశ్చంద్రీయం"లో కాటి సీను ఒకటి చాలు, తెల్లవారేదాకా జనం కదిలేవారు కాదు. ఒక రాత్రి చంద్రమతి వేషధారి కొడుకు శవం ముందు శోకం పాడుతోంది. వన్స్‌మోర్. మళ్ళీ పాడింది. మళ్ళీ వన్స్‌మోర్. మూడోసారి పాడుతూ వుండగా లోహితాస్యుడి శవం దోమను కొట్టుకుంది. నాలుగోసారికి శవం లేచి కూర్చుని మంచినీళ్ళడిగింది. ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకుంటూనే నవ్వారు. ఏడుపూ నవ్వూ ఒకే గుక్కలో వచ్చే ఆ విద్య సినిమా హాల్లో నాకెక్కడా దొరకలేదు.

పీసపాటి నరసింహమూర్తి గారి కృష్ణుణ్ణి చూడగలగడం మా తరం చేసుకున్న పుణ్యం. మా పక్క జిల్లావారే, విజయనగరం వైపు మనిషి. తిరుపతి వేంకటకవుల "పాండవోద్యోగ విజయాలు"లో రాయబారపు కృష్ణుడు. ఆ రోజుల్లో చాలామంది నటులు పద్యానికి ముందు రాగం, తరవాత రాగం, నడుమ రాగం పెట్టి, మాట ఏమయిందో వెతుక్కోమని మనకు వదిలేసేవారు. పీసపాటి అలా చేసేవారు కాదు. ఆయన నోట పద్యం మాట్లాడినట్టుండేది. చమత్కారం ఎక్కడుందో చివరి బెంచీవాడికి కూడా అందేది. దీని మీద మాలో మాకు పార్టీలుండేవి. ఈలపాట రఘురామయ్య గారి పార్టీ ఒకటి. నోట్లో వేలుపెట్టి ఆయన ఈల మీద పద్యం ఎత్తుకుంటే కోయిల సిగ్గుపడాల్సిందేనని వాళ్ళ వాదం. నేను పీసపాటి పార్టీ. రఘురామయ్య గారు 1975లో, పీసపాటి గారు 2007లో వెళ్ళిపోయారు. మా పార్టీలోని మిత్రుడు ఒకాయన, రఘురామయ్య గారి పార్టీలోని మిత్రుడు ఒకాయన ఇప్పటికీ కలిస్తే ఆ వాదన మళ్ళీ మొదలుపెడతారు. వాళ్ళ మనవలు చెవుల్లో యంత్రాలు పెట్టుకుని చూస్తూ వుంటారు.

శాస్త్రీయ సంగీతం విషయంలో నేను గొప్పలు చెప్పుకోను. ఆ పక్షపాతం మా నాన్నగారిది. ఆయన విజయనగరంలో ద్వారం వేంకటస్వామినాయుడు గారి వయొలిన్ విన్నవాడు. ఆ వూరి మహారాజా వారి సంగీత కళాశాల పుట్టుక కథ ఆయనే చెప్పేవాడు. రాజుగారి కొలువులో వున్న ఒకాయన కొడుకుకు చూపు లేదు, సంగీతమంటే ప్రాణం. ఆ కుర్రవాడి కోసమని విజయరామ గజపతి రాజు 1919లో కళాశాల పెట్టించి, ఆదిభట్ల నారాయణదాసు గారిని అధ్యక్షులుగా కూర్చోబెట్టారు. తరవాత అక్కడే ఘంటసాల చదువుకున్నారు, సుశీల చదువుకున్నారు. ఒక్క కుర్రవాడి చెవి కోసం కాలేజీ! మా నాన్నగారు ఆ మాట దగ్గర ఆగి, నా వైపు చూసి, "నీ చెవికి మాత్రం తీర్థాలు చాలు" అనేవాడు.

1963లో విశాఖ రేడియో స్టేషను వచ్చాక యింట్లోనే లలితగీతాలు, జానపదాలు వినే భాగ్యం కలిగింది. కాని రేడియోకు వన్స్‌మోర్ చెప్పలేం గదా. పాడేవాడికి నా మాట వినపడని పాట నాకెప్పుడూ సగం పాటే.

గజ్జెల చప్పుడు

విశాఖలో బి.ఎడ్. చదివే రోజుల్లో ఒక కార్మికుల సభకు, నిజం చెప్పాలంటే మిత్రుడి బలవంతం మీద, వెళ్ళాను. ఉపన్యాసాలకు ఆవలింతలు వస్తున్నాయి. ఉన్నట్టుండి గజ్జెల చప్పుడు. గొంగడి కప్పుకున్న మనిషి ఒకాయన వేదిక మీదికి గెంతుతూ వచ్చాడు. ఆయనే వంగపండు ప్రసాదరావు. పార్వతీపురం దగ్గర పెదబొండపల్లిలో పుట్టి, విశాఖ షిప్‌యార్డులో పనిచేసిన మనిషి. గద్దర్‌తో కలిసి జననాట్యమండలిని 1972లో నిలబెట్టినవాడు.

ఆయన రాజకీయాలు మా యింట్లో ఎవరికీ గిట్టవు. నాకూ అన్నీ రుచించవు. ఆ సాయంత్రం నన్ను పట్టుకున్నది రాజకీయం కాదు. ఆయన పాటలో మా జముకు తాత వున్నాడు! మా తప్పెటగుళ్ళ వాళ్ళ అడుగు వుంది. మా నాయనమ్మ వంటింట్లో మాట్లాడే మాట వుంది. "ఏటి", "ఎల్దాం", "బేగి" – బడిలో మేం పలికితే బెత్తంతో దిద్దించిన మాటలన్నీ ఆయన నోట మైకులో మోగుతున్నాయి, వేలమంది చప్పట్లు కొడుతున్నారు. సిగ్గుపడాల్సిన భాష కాదన్నమాట మాది! నేను అరిచిన వన్స్‌మోర్‌కు ముందు వరుసలో ఒక కార్మికుడు వెనక్కి తిరిగి, "ఇది డ్రామా కాదు బాబూ" అన్నాడు. కాని వంగపండు మళ్ళీ పాడారు. 2020 ఆగస్టులో ఆయన పోయిన వార్త వచ్చినప్పుడు కరోనా రోజులు. గడప దాటే వీలు లేదు. మా ఆవిడ దేవుడి గదిలో దీపం పెట్టింది. గుళ్ళు కట్టినవాళ్ళను గురించి ఆయన ఏం పాడాడో ఆవిడకు తెలియదు, నేనూ చెప్పలేదు.

ఉద్యోగం వచ్చి మళ్ళీ మా వైపే లెక్కల మేష్టరుగా చేరాను. ఎనభైలు, తొంభైలు ఆర్కెస్ట్రాల కాలం. కీబోర్డు, కాంగో, రిథమ్ ప్యాడు, నలుగురు గాయకులు, ఒక మిమిక్రీ కుర్రవాడు. అందరూ సినిమా పాటలే. గొంతులు బాగానే వుండేవి గాని, ప్రతివాడూ బాలసుబ్రహ్మణ్యం కావాలని చూసేవాడే తప్ప తాను కావాలని చూసేవాడు కనపడేవాడు కాదు. వాటి గురించి యింతకన్నా చెప్పడానికి నాకేమీ లేదు.

ఆ రోజుల్లోనే జరిగిన మరొక సంగతి మాత్రం చెప్పాలి. 1992లో ఉక్కు ఫ్యాక్టరీ జాతికి అంకితమయ్యే నాటికే ఎక్కడెక్కడివాళ్ళో వచ్చి మా చుట్టుపక్కల స్థిరపడ్డారు. ఒక దసరాకు బెంగాలీల పూజా పందిరికి మిత్రుడు తీసుకుపోయాడు. అక్కడ కాషాయం కట్టిన ఒక బావుల్ గాయకుడు పాడుతున్నాడు. చంకలో చూద్దును గదా – జముకు! అదే తోలు, అదే తీగ, అదే లాగుడు. వాళ్ళు ఖమక్ అంటారట. పాట అయ్యాక పెద్దమనుషులు ఆయన్ను కుర్చీలో కూర్చోబెట్టి శాలువా కప్పారు. 2005లో ఆ బావుల్ పాటలను యునెస్కో వారు ప్రపంచపు గొప్ప వారసత్వాల పట్టీలో చేర్చారు. పేపర్లో చదివి, మా ఆవిడతో "మన జముకు తాతకు చెప్పాలి" అన్నాను. చెప్పలేదు.

2009

ఇక్కడికి వచ్చేసరికి కలం కాస్త బరువెక్కుతోంది.

ఆ యేడు తీర్థం కమిటీలో లెక్కల మేష్టరునని నన్ను కోశాధికారిగా పెట్టారు. ప్రత్యేక ఆర్థిక మండలికి భూములు పోయి, పరిహారం డబ్బు చేతుల్లో ఆడుతున్న రోజులు. అంతవరకు వెయ్యి రూపాయల చందాకు వెనకాడినవాళ్ళు పదివేలు తెచ్చి పెట్టారు. భూమి పోయిన దుఃఖం ఒక పక్క, డబ్బు వచ్చిన సంబరం ఒక పక్క. రెండూ కలిస్తే మనిషికి పెద్ద చప్పుడు కావాలనిపిస్తుంది కాబోలు. విశాఖ నుంచి డాన్సు ట్రూపు, లారీ మీద డీజే పెట్టెలు కుదిరాయి. "జముకుల కథ ఎవరు వింటారండీ? రాత్రి తొమ్మిదికల్లా డీజే మొదలెట్టాలి" అన్నాడు ఒక యువకుడు. అందరూ తలలూపారు. నేను ఊపలేదు. వద్దని కూడా అనలేదు. లెక్కల పుస్తకంలోకి చూస్తూ కూర్చున్నాను.

కనుమ మర్నాడు జముకు తాత వచ్చాడు. ఈసారి నిజంగానే తాత. కొడుకు చెయ్యి పట్టుకుని నడిపిస్తున్నాడు. చంకలో తువ్వాలు చుట్టిన జముకు. వీధి అరుగు మీద కూర్చున్నాడు. బయానా కోసం వచ్చాడని అందరికీ తెలుసు. ఎవరూ మాట్లాడలేదు. చివరికి కోశాధికారిని గనుక నేనే లోపలికి వెళ్ళి రెండు వందలు తెచ్చి, "ఈ యేడు ప్రోగ్రాం మార్చారు తాతా. ఇది కాఫీ ఖర్చులకు వుంచు" అన్నాను.

తాంబూలం లేకుండా డబ్బిచ్చాను. ఆయన నోటు వైపు చూడలేదు, నా వైపు చూశాడు. "అలాగా బాబూ" అని లేచాడు. కొడుకు నోట్లు అరుగు మీదే వుంచాడు. ఇద్దరూ వచ్చిన దారినే వెళ్ళారు. నడుస్తూ వుంటే తువ్వాలు కింద తీగ ఎక్కడో తగిలి చిన్నగా మోగింది.

రెండేళ్ళకు ఆయన పోయాడని తెలిసింది. ఆ సంవత్సరం నుంచి నేను తీర్థం రాత్రి యింట్లోనే వుండిపోయేవాణ్ణి. తలుపులు వేసుకున్నా డీజే చప్పుడుకు వంటింట్లో గిన్నెలు కదిలేవి. అదీ సంగీతమే అని మా మనవరాలు వాదిస్తుంది. కావచ్చు. దానికి వన్స్‌మోర్ అన్నా వినపడదు.

డాబా మీద

2020లో "పలాస 1978" సినిమా వచ్చింది. అందులో నెక్లీసు గొలుసు మీద మా ఉత్తరాంధ్ర జానపదం ఒకటి వూరూరా మోగింది. కంపెనీ బస్సుల్లో షిఫ్టు దిగి వస్తూ ఆడపిల్లలు అదే పాడుకునేవారు. ఆ బస్సు మా వీధి మలుపులో ఆగినప్పుడు, పొద్దుటినుంచి మిషను మీద వంగి కుట్టిన పిల్లలు అంత హుషారుగా పాడడం విని, నేను గేటు దగ్గరికి వెళ్ళి నిలబడేవాణ్ణి. మా ఆవిడ "ఈ వయసులో ఆడపిల్లల బస్సు కోసం కాపలా ఏమిటండీ!" అని ఎగతాళి చేసేది.

పోయిన శీతాకాలం మా మనవరాలు విశాఖ నుంచి ఫోన్ చేసింది. "తాతయ్యా, మీ పక్కనే అచ్యుతాపురంలో ఒక గిగ్ వుంది, వస్తావా?" గిగ్ అంటే ఏమిటని అడిగాను. చిన్న కచేరీట. ఇండీ బ్యాండుట. అంటే సినిమావాళ్ళ ప్రమేయం, కంపెనీల ప్రమేయం లేకుండా తామే రాసుకుని, తామే బాణీ కట్టుకుని, తామే పాడుకునేవాళ్ళు. హైదరాబాదు చౌరస్తా బ్యాండువాళ్ళు అలాగే తెలుగులో మొదలుపెట్టి పేరు తెచ్చుకున్నారని అది చెప్పింది. "మరి జముకు తాత చేసిందేమిటే?" అన్నాను. "అదే తాతయ్యా, ఆయనా ఇండీయే" అని నవ్వింది.

మూడంతస్తుల డాబా. కింద హాస్టలు, పైన ఆరబెట్టిన బట్టలు తీసేసి వేసిన రెండు బల్బులు. యాభైమంది వుంటారు. చాలామంది షిఫ్టు దిగి వచ్చినవాళ్ళు. కొందరు మెడలో కంపెనీ బిళ్ళలు కూడా తియ్యలేదు. పాడినవాళ్ళు నలుగురు. మందుల కంపెనీ లేబరేటరీలో పనిచేసే శ్రీకాకుళం కుర్రవాడు గిటారు. బట్టల కంపెనీ అమ్మాయిలిద్దరు పాట. చెక్కపెట్టె మీద కూర్చుని దాన్నే వాయించే పిల్లవాడొకడు. పాటలు వాళ్ళవే. రాత్రి షిఫ్టులో నిద్ర ఆపుకోవడం మీద ఒకటి. ఇంటికి డబ్బు పంపిన రోజున అమ్మ గొంతు ఎలా మారుతుందో దాని మీద ఒకటి. ఆ రెండో పాటకు నా పక్కనున్న పిల్ల ముఖం తిప్పుకుంది. కొన్ని పాటలు బాగా లేవు; ఇంగ్లీషు బాణీకి తెలుగు మాట అతుక్కోక యీడ్చుకుంటూ నడిచింది. అయినా ఎవరూ ఎవరిలానూ పాడలేదు. నాకది చాలు.

చివరి పాట మధ్యలో జముకు మోగింది.

నేను కూర్చున్నవాణ్ణి లేచాను. చుట్టూ చూశాను. జముకు ఎక్కడా లేదు. గిటారు కుర్రవాడి పక్కనున్న చిన్న యంత్రం మీద మీట నొక్కితే వస్తోంది. "వన్స్‌మోర్!" అని అరిచాను. యాభైమందీ నా వైపు తిరిగారు. మా మనవరాలు సిగ్గుతో తల దించుకుంది. ఆ కుర్రవాడు మాత్రం నవ్వి, నిజంగానే మళ్ళీ పాడాడు.

కచేరీ అయ్యాక వెళ్ళి అడిగాను. "ఆ సౌండా, తాతగారూ? ఫోన్లో దొరికింది. పేరు తెలీదు. మా వూళ్ళో చిన్నప్పుడు విన్నట్టనిపించి పెట్టేను" అన్నాడు. పేరు చెప్పాను. ఎలా పట్టుకుంటారో చేత్తో చూపించాను. "మనిషి ఎవరైనా వున్నారా?" అన్నాడు.

ఆ ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూ వారం తిరిగాను. జముకు తాత కొడుకు వూరు ఖాళీ అయి, పునరావాస కాలనీలో యిల్లు కట్టుకున్నాడు. ఏభై దాటింది. ఒక కంపెనీ గేటు దగ్గర రాత్రి కాపలా. నన్ను గుర్తుపట్టాడు. కుర్చీ వేశాడు గాని తాను కూర్చోలేదు.

జముకు అటక మీద వుంది. దింపి తువ్వాలు విప్పాడు. తోలు వదులైపోయింది. తీగ తెగి, పుల్ల విడిగా వుంది. నేను అరుగు మీది నోట్ల సంగతి ఎత్తబోయాను. "ఒదిలీండి మేష్టారూ" అన్నాడు. ఆ మాట కోపంగా అన్నాడో, మామూలుగా అన్నాడో నాకు తెలియలేదు.

ఇంటి దగ్గర మా ఆవిడ పళ్ళెంలో సర్ది యిచ్చిన సంచీ తీశాను. రెండు తమలపాకులు, వక్క, అరటిపండు, నూట పదహారు రూపాయలు. కమిటీ డబ్బు కాదు, నాదే. చేతిలో పెట్టాను. చాలాసేపు ఆ ఆకుల వైపే చూశాడు.

"తీర్థానికా?"

"కాదు. అచ్యుతాపురంలో ఒక డాబా మీద. కుర్రాళ్ళు."

"తెల్లార్లూ ఆడాలేటి? నాకు డూటీ వుంది."

"గంట చాలు."

ఆకులు కళ్ళకద్దుకుని, డబ్బు తువ్వాలు కొసన ముడి వేశాడు. తరవాత జముకును చంకలోకి తీసుకుని, తీగ లేని చోట వేళ్ళతో ఉత్తినే ఒకసారి మీటి చూసుకున్నాడు.

"తోలు మార్పించాల. మేక తోలు మంచిది దొరకాలి గదా. పదిరోజులు పడతాది మేష్టారూ" అన్నాడు.